పశ్చిమ కెన్యాలో మా మొదటి నాలుగు రోజులు: ఆ కోడిని తీసుకోవలసిందా?

గోదావరి_గట్టు
ఆదివారం, రాత్రి 10:20

అందరికీ ప్రభువు నామమున వందనాలు. మా సంఘం నుండి ఆరుగురం పశ్చిమ కెన్యాలోని బుంగోమా ప్రాంతంలో ఒక పల్లె సంఘానికి పరిచర్య నిమిత్తం వచ్చాము. నేటికి నాలుగు రోజులైంది, ఇంకా పదకొండు రోజులు ఇక్కడే ఉంటాము. బయలుదేరే ముందు ఈ వేదికలో పాత చర్చలు చదివి ఎంతో నేర్చుకున్నాను కనుక మా సంగతులు కూడా వ్రాసి పెట్టడం న్యాయమనిపించింది. అయితే ఈ ఉదయం ఆరాధన తరువాత జరిగిన ఒక విషయం నన్ను నిద్రపోనివ్వడం లేదు. దాని గురించి పెద్దల సలహా కావాలి. ముందుగా జరిగినది జరిగినట్టు చెబుతాను.

గురువారం ఉదయం ముంబయి నుండి నైరోబీలో దిగాము. కెన్యాలో 2017 ఆగస్టు 28 నుండి ప్లాస్టిక్ సంచులు నిషేధమని, వెంట తెచ్చిన కవర్లను విమానాశ్రయంలోనే వదిలేయాలని దిగబోయే ముందు తెలిసింది. మా పెట్టెల్లో ఆవకాయ సీసాల నుండి కందిపొడి పొట్లాల వరకు ప్రతిదీ కవరు మీద కవరు చుట్టి ఉంది. మాతో వచ్చిన సిస్టర్ గారు అక్కడే నేల మీద కూర్చుని ఒక్కొక్క కవరూ విప్పి, సీసాలను తువ్వాళ్లలోనూ లుంగీల్లోనూ చుట్టి కట్టారు. రాబోయేవారు బయలుదేరే ముందే గుడ్డ సంచుల్లో సర్దుకోండి.

నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉంది. జూలైలో అక్కడ చలికాలం. నకూరు దాటి ఎల్డొరెట్ వైపు వెళ్లే దారిలో భూమధ్యరేఖ బోర్డు దగ్గర వ్యాను ఆపారు. అక్కడ మేమంతా దుప్పట్లు కప్పుకుని నిలబడ్డాము. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని స్వెట్టర్లు లేకుండా వచ్చిన మాకు అది మొదటి పాఠం.

పల్లె చేరేసరికి బాగా చీకటి పడింది. సాయంత్రం నుండి మా కోసం కాచుకున్న విశ్వాసులు దీపాలు పట్టుకుని పాడుతూ ఎదురు వచ్చారు. లోపల కూర్చోగానే పదేళ్ల పాప ఒక చేత్తో జగ్గు, మరొక చేత్తో బేసిను పట్టుకుని వచ్చి, మోకాళ్ల మీద ఉండి ఒక్కొక్కరి చేతుల మీద గోరువెచ్చని నీళ్లు పోసింది. తరువాత ఉగాలి వడ్డించారు. మొక్కజొన్న పిండితో గట్టిగా చేసిన ముద్ద అది, మన సీమ సంకటికి దగ్గరి చుట్టం. పక్కన సుకుమా వికి అనే ఆకుకూర. ఆ పేరుకు వారాన్ని నెట్టుకొచ్చేది అని అర్థమట. మేము చెంచాలు అడగకుండా చేత్తో ముద్ద కలుపుకుని తినడం చూసి ఇంట్లో పెద్దావిడ చప్పట్లు కొట్టారు.

శుక్రవారం ఉదయం మేము తయారు చేసుకున్న కార్యక్రమ పత్రం పాస్టరు గారికి ఇచ్చాము. ఇంటింటి దర్శనం, పిల్లల కూటం, వైద్య శిబిరం, రాత్రి సువార్త సభ అన్నీ గంటల వారీగా వ్రాసుకున్నాము. ఆయన మొత్తం చదివి, మడిచి, తన బైబిల్లో పెట్టుకుని, "కరీబు, చాయ్" అన్నారు. రండి, టీ తాగుదాం అని. ఆ రోజంతా తొమ్మిది ఇళ్లలో టీ తాగడంతోనే గడిచింది. మాలో కొందరికి అది కష్టంగా తోచింది.

శనివారం మా వలన పెద్ద పొరపాటు జరిగింది. స్త్రీల కూటం "సా టాటు"కు అని చెప్పారు. సా అంటే గంట, టాటు అంటే మూడు. మేము మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లాము. ఇక్కడివారి వాడుక భాష కిస్వాహిలిలో గంటలు సూర్యోదయం నుండి లెక్కిస్తారని, వారి మూడవ గంట అంటే మన తొమ్మిది అని అప్పుడు తెలిసింది. నలభై మంది స్త్రీలు ఉదయం తొమ్మిది నుండి కూర్చున్నారు. వారిలో చంటిపిల్లల తల్లులున్నారు. ఒక్కరూ మమ్మల్ని నిందించలేదు. లేచి పాట మొదలుపెట్టారు.

ఇక ఈ ఉదయం సంగతి. ఇక్కడ కానుకల్లో డబ్బుతో పాటు గుడ్లు, చెరకు, అరటి గెలలు, కోళ్లు కూడా తెస్తారు. ఆరాధన ముగిశాక చెట్టు కింద వేలం పాడతారు. మన కోతకాల పండుగ వేలం చూసినట్టే ఉంది. చివర ఒక వృద్ధురాలు, విధవరాలు, కాళ్లు కట్టిన ఎర్ర కోడిపెట్టను తెచ్చి మా నాయకుని చేతిలో పెట్టారు. ఆమె కాళ్లకు చెప్పులు లేవు. మా నాయకుడు కళ్లనీళ్లతో, ఈ కోడి మీకే ఎక్కువ అవసరం, దయచేసి మీరే ఉంచుకోండి అని తిరిగి ఇచ్చారు. అనువాదం చేసే సహోదరుడు ఆ మాటను అనువదించలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు. ఆమె కోడిని తీసుకుని వెళ్లిపోయారు. తరువాత మాతో ఎవరూ సరిగా మాట్లాడలేదు. మేము చేసినది తప్పా?

అనువాదకుడు_26
ఆదివారం, రాత్రి 11:45

వందనాలు బ్రదర్ గారు. ఇరవై ఆరేళ్లుగా మన జిల్లాల్లో విదేశీ ప్రసంగీకులకు తెలుగు అనువాదం చేస్తున్నవాడిని కనుక ఆ సహోదరుని స్థానం నాకు బాగా తెలుసు. ఆయన అనువదించకపోవడం మీకు చేసిన మేలు. ఆ మాట కిస్వాహిలిలో వినబడి ఉంటే, "మీరు పేదవారు, మీ కానుక మాకు వద్దు" అని సంఘం ఎదుట ఆమెకు చెప్పినట్టయ్యేది. నేనూ ఇలా రెండు మూడు సార్లు నోరు మూసుకున్నాను. ఒకసారి కృష్ణా జిల్లాలో ఒక రైతు తన చేతి మామిడిపళ్లు బుట్టెడు తెచ్చి ఇస్తే, వచ్చిన ప్రసంగీకుడు తనకు ఆ రోజు ఉపవాసమని, వేరే ఎవరికైనా ఇవ్వమని చెప్పాడు. నేను మాత్రం, "అయ్యగారు దీవిస్తున్నారు, రేపు తింటామంటున్నారు" అన్నాను. అది అబద్ధమని నా మనస్సాక్షి ఈనాటికీ గుచ్చుతుంది. అయినా ఆ రైతు ముఖం చూసి మరొక మాట నా నోట రాలేదు.

రేపు ఉదయమే ఆ అనువాదకుణ్ణి ఒంటరిగా కలిసి అడగండి. అందరి ముందు అడగవద్దు. మీ నాయకుణ్ణి కించపరచవలసి వస్తుందని అతడు నిజం చెప్పడు.

ఒంగోలు_పాతకాపు
సోమవారం, ఉదయం 6:05

మీ ప్రశ్న చదివాక మా అమ్మ గుర్తుకు వచ్చింది. మా చిన్నతనంలో, ఒంగోలుకు పడమట ఉన్న మా పల్లెకు విదేశాల నుండి ఒక బృందం వచ్చింది. నాకు అప్పుడు ఎనిమిదేళ్లు. మా ఇంట్లో ఒకే ఒక పెట్ట ఉండేది, దాని గుడ్లు అమ్మితే వచ్చే డబ్బుతోనే నా పలకా బలపమూ. అమ్మ దాన్ని కోసి పులుసు చేసింది. నాలుగిళ్లు తిరిగి స్టీలు కంచాలు అడిగి తెచ్చి, బూడిదతో తళతళలాడేలా తోమింది. వచ్చినవారు మంచివారే. అయితే కడుపుకు పడదేమోనన్న భయంతో కంచం ముందు కూర్చుని ప్రార్థన చేసి, తమ సంచిలోని బిస్కట్లు తిన్నారు. వెళ్లేటప్పుడు అమ్మ చేతిలో డబ్బు పెట్టారు, ఆ కోడి ఖరీదుకు పదింతలు. అమ్మ ఆ డబ్బు కానుకల పెట్టెలో వేసింది. ఆ పులుసు మేము తిన్నాము. కానీ అమ్మ తినలేదు.

అమ్మ దాని గురించి ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు. చనిపోయే ముందు సంవత్సరం మాత్రం ఒకసారి, "వాళ్లు ఒక్క ముక్క తిన్నా చాలు గదరా" అన్నది.

సారెపతు విధవరాలి దగ్గర పట్టెడు పిండి, కొంచెం నూనె మాత్రమే ఉన్నాయని తెలిసి కూడా ఏలీయా ముందుగా తనకు ఒక చిన్న రొట్టె చేసి తెమ్మని అడిగాడు. పేదవారి చేతి కూడు తినడం వారిని దోచుకోవడం కాదని దేవుడు ఆ ప్రవక్తకు నేర్పాడు. ప్రభువు డెబ్బదిమందిని పంపినప్పుడు కూడా ముందు ఇంట్లోకి వెళ్లి సమాధానం చెప్పమని, అక్కడే ఉండి వారు పెట్టినది తినమని, ఆ తరువాతనే రోగులను స్వస్థపరచి రాజ్యమును ప్రకటించమని లూకా పదవ అధ్యాయంలో వరుసగా చెప్పాడు. శుక్రవారం తొమ్మిది ఇళ్లలో తాగిన టీ వృథా అని మీ బృందంలో అనుకున్నవారికి ఈ వరుస చూపించండి.

నర్సు_రూతు
సోమవారం, ఉదయం 8:30

నేను వేరే సంగతి అడుగుతున్నాను, క్షమించాలి. మీ పత్రంలో వైద్య శిబిరం అని ఉంది. మీలో ఎవరైనా ఆ దేశంలో వైద్యం చేయడానికి అనుమతి తీసుకున్నారా? మన దేశపు రిజిస్ట్రేషను అక్కడ చెల్లదు. పెట్టెల్లో మాత్రలు తీసుకువెళ్లి పంచడం చట్టానికీ విరుద్ధం, రోగికీ ప్రమాదం. నేను మొదటిసారి వేరొక ఆఫ్రికా దేశానికి వెళ్లినప్పుడు ఇదే తప్పు చేశాను. జ్వరంతో వచ్చిన బిడ్డకు పారాసిటమాల్ ఇచ్చి పంపాను. రెండు కిలోమీటర్ల దూరంలోనే ఆరోగ్య కేంద్రం ఉన్నదని, అక్కడ మలేరియా పరీక్ష చేస్తారని మరునాడు తెలిసింది. ఆ రాత్రి ఆ తల్లి మందు దొరికిందన్న ధైర్యంతో కేంద్రానికి వెళ్లలేదు. బిడ్డ బ్రతికాడు, దేవునికి స్తోత్రం. అది మాత్రం నా గొప్ప కాదు.

మీరున్నది మలేరియా ఉన్న ప్రాంతం. డాక్టరు వ్రాసిన నివారణ మాత్రలు మానవద్దు, తిరిగి వచ్చాక కూడా చెప్పినన్ని రోజులు వేసుకోవాలి. రాత్రి దోమతెర కింద పడుకోండి. ఎల్లో ఫీవర్ టీకా పత్రం అందరి దగ్గరా ఉన్నదో లేదో ఇప్పుడే చూసుకోండి, ఎందుకంటే అది లేకుండా కెన్యా నుండి తిరిగి వస్తే మన విమానాశ్రయంలో ఆరు రోజుల వరకు క్వారంటైన్‌లో ఉంచవచ్చు. ఇకపై వెళ్లేవారు ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఆ టీకా వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడ ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు.

లెక్కల_మాస్టారు
సోమవారం, ఉదయం 10:15

బాధ పెట్టాలని కాదు గాని, ఒక మాట అడగక తప్పదు. ఆరుగురి విమాన టిక్కెట్లు, టీకాలు, వ్యాను ఖర్చు కలిపితే ఎంతైంది? ఆ డబ్బు ఆ పల్లె పాస్టరు గారికి పంపితే ఎన్ని సంవత్సరాల జీతం అవుతుంది? మా సంఘంలోనూ ఇలాంటి యాత్ర ప్రతిపాదన వచ్చినప్పుడు నేను వ్యతిరేకించాను. మన దేశానికి టూరిస్టు వీసా మీద వచ్చి బోధించకూడదన్న నిబంధన మనందరికీ తెలుసు. మీరు ఆ దేశానికి ఏ పని మీద వచ్చామని వ్రాసి ఇచ్చారు? అది కూడా నిజాయితీలో భాగమే.

చరిత్ర_విద్యార్థి
సోమవారం, మధ్యాహ్నం 1:50

మాస్టారి ప్రశ్నకు జవాబు బృందమే చెప్పాలి. నేను మొదటి రోజుల గురించే నాలుగు మాటలు వ్రాస్తాను, ఎందుకంటే కెన్యాలో సువార్త చరిత్ర అంతా మొదటి రోజుల వేదనతోనే ఆరంభమైంది. ఇంగ్లండుకు చెందిన చర్చ్ మిషనరీ సొసైటీ పంపగా జర్మనీ దేశస్థుడైన యోహాన్ లుడ్విగ్ క్రాఫ్ 1844లో భార్య రోజీనాతో మొంబాసా చేరాడు. వచ్చిన కొద్ది వారాలకే, ఆ జూలైలోనే, ప్రసవమైన వెంటనే రోజీనా జ్వరంతో మరణించింది, ఆ వెనుకనే పసిబిడ్డ కూడా. ఆ జ్వరంలోనే క్రాఫ్ తానూ లేవలేని స్థితిలో ఉన్నాడు. అంతకు ముందు నెలలోనే అతడు ఆదికాండమును కిస్వాహిలిలోకి అనువదించడం మొదలుపెట్టాడు. మీరు ఇప్పుడు వింటున్న కిస్వాహిలి లేఖనాల పనికి మొదలు అది.

మన దేశానికీ ఆ తీరానికీ ఉన్న ఒక బంధం మనలో చాలామందికి తెలియదు. అరేబియా సముద్రంలో బానిసల ఓడల నుండి విడిపించబడిన ఆఫ్రికా పిల్లలను బొంబాయికి తెచ్చి, నాసిక్ దగ్గర శరణ్‌పూర్‌లో మిషను వారు పెంచారు. వారు వడ్రంగం, కమ్మరం, చదువు నేర్చుకున్నారు. 1864 నుండి వారిలో కొందరు మొంబాసా దగ్గరి రబాయికి వెళ్లారు, 1875లో విడుదలైన బానిసల కోసం మొంబాసా దగ్గర ఫ్రీర్ టౌన్ అనే ఊరు ఏర్పడినప్పుడు మరికొందరు. విలియం జోన్స్, ఇష్మాయేల్ సెమ్లర్ వంటివారు ఆ విధంగా మన గడ్డ నుండి వెళ్లిన ఆఫ్రికా సువార్తికులు. తాము పుట్టిన ఖండానికే వారు కొత్తవారిగా వెళ్లారు. అక్కడివారు వారిని బొంబాయివారు అని పిలిచేవారు.

ఇక మీరున్న పశ్చిమ ప్రాంతానికి వస్తే, 1902లో అమెరికా నుండి ముగ్గురు ఫ్రెండ్స్ సంఘస్థులు, అంటే క్వేకర్లు, కైమోసిలో మిషను ఆరంభించారు. ఈనాడు ప్రపంచంలో క్వేకర్లు ఎక్కువగా ఉన్న దేశం కెన్యాయే. మీకు టీ ఇచ్చిన తొమ్మిది ఇళ్లలో కొన్ని మూడు నాలుగు తరాలుగా ప్రార్థనలు వింటున్న ఇళ్లు అయి ఉంటాయి. అక్కడ కనీసం నూట ఇరవై ఏళ్ల సంఘం ఉంది. ఆ సంగతి తెలిసి మాట్లాడితే ప్రసంగం తీరే మారుతుంది.

ఒంగోలు_పాతకాపు
సోమవారం, మధ్యాహ్నం 2:30

చరిత్ర_విద్యార్థి గారి చివరి మాటకు మన ఊరి సాక్ష్యం ఒకటి చేరుస్తాను. 1866లో అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలు వచ్చేసరికే తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య గారు సత్యదేవుణ్ణి వెదుకుతూ ఉన్నారు. ఆ ఏడే బాప్తిస్మం పొంది, తన వారి మధ్యకు తానే వెళ్లి చెప్పారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయని మనమందరం గొప్పగా చెప్పుకుంటాము. పేరయ్య గారి వంటి వారు చెప్పులరిగేలా తిరిగిన పల్లెలే ఆ ఏటి గట్టుకు వచ్చాయి. మీ పల్లెలో పేరయ్య ఎవరో ముందు కనుక్కోండి.

గోదావరి_గట్టు
సోమవారం, రాత్రి 9:10

మీ జవాబులన్నీ మా బృందానికి చదివి వినిపించాను. ఒంగోలు అన్నగారి తల్లి సంగతి చదువుతున్నప్పుడు మా నాయకుడు లేచి బయటకు వెళ్లి చాలాసేపు ఒంటరిగా ఉన్నారు.

రూతు అక్కయ్య గారూ, వైద్య శిబిరం రద్దు చేశాము. తెచ్చిన మందులు ఎవరికీ ఇవ్వలేదు. ఇక్కడి ఆరోగ్య కేంద్రం నర్సుతో మాట్లాడితే, ప్రసవానికి రావలసిన స్త్రీలను బండి మీద తీసుకురావడానికే తమకు ఎక్కువ సహాయం కావాలని ఆమె చెప్పారు. ఆ విషయం పాస్టరు గారితో ఆలోచిస్తున్నాము.

మాస్టారు గారూ, అనుమతి పత్రంలో సంఘ దర్శనం అనే నిజమే వ్రాశాము, ఆహ్వాన లేఖ కూడా జతచేశాము. ఖర్చు సంగతి కప్పిపుచ్చను. ఒక్కొక్కరికి లక్ష దాటింది. సగం మేము కూలి, జీతం డబ్బులోంచి, ఒకరైతే గొలుసు అమ్మి పెట్టుకున్నది, సగం సంఘం ఇచ్చినది. ఆ డబ్బుకు మేము ఇక్కడ చేసినది సరితూగుతుందా అని మీరు అడిగితే, ఈ నాలుగు రోజుల లెక్కలో తూగదు.

ఈ సాయంత్రం అనువాదం చేసే సహోదరుణ్ణి ఒంటరిగా కలిశాను. చాలాసేపు ఏమీ చెప్పలేదు. చివరకు చెప్పాడు: ఇక్కడి లుహ్యా ప్రజలకు అతిథికి కోడి పెట్టడమంటే అతణ్ణి తమ ఇంటివాడిగా ఎంచడం. కోడిని ఇంగోఖో అంటారు. దానిలోని కందనకాయ ఇంటిలో పెద్ద మగవానికో, గొప్ప అతిథికో మాత్రమే పెడతారు. ఆ అవ్వ తన ఇంటికి మగదిక్కు లేదని, ఈ దూరపు కొడుకులకు ఆ కందనకాయ పెడతానని వారం రోజులుగా అందరితో చెప్పుకుంటున్నదట.

రేపు వెళ్లి క్షమాపణ అడగాలని ఉంది. ఎలా అడగాలో తెలియడం లేదు.

డర్బన్_నుండి
సోమవారం, రాత్రి 10:40

వందనాలు. ఉద్యోగరీత్యా దక్షిణాఫ్రికాలో ఉంటున్నాను. మాస్టారు గారి ప్రశ్న నాకు న్యాయంగానే తోచింది. అయినా తెలుగువారి నుండి తెలుగువారి ఖర్చుతో వెళ్లిన ఒక పాత ప్రయాణం ఇక్కడ చెప్పాలనిపిస్తున్నది.

1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ డర్బన్ రేవుకు చేరింది. చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా వచ్చిన మనవారి మొదటి ఓడ అది. ఆ తరువాతి సంవత్సరాల్లో వచ్చిన తెలుగు కూలీలలో బాప్టిస్టు విశ్వాసులు ఉన్నారు. తెలుగులో ప్రార్థించే కాపరి లేక వారు నెల్లూరు వైపు చూశారు. తెలుగు బాప్టిస్టుల స్వదేశ మిషను సంఘం నెల్లూరు వారైన జాన్ రంగయ్య గారిని 1903లో కుటుంబంతో సహా పంపింది. ఆ డిసెంబరు 27న నేటాల్‌లోని కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. కియర్స్‌నీ ఒక తేయాకు తోట. మన నేల మీద కూలి చేసుకుని ఇచ్చిన కానుకలతో, సముద్రం అవతల కూలి చేసుకుంటున్న వారి కోసం ఒక మనిషి వెళ్లాడు. ఆయన అక్కడ చేరాక మొదటి నెలల్లో చేసినది తోట నుండి తోటకు తిరిగి మనవారిని వెదకడం. చెదిరిన వారి పేర్లు తెలుసుకోవడమే ముందు, సంఘం ఆ తరువాత.

వెళ్లడం తప్పని నేను అనుకోను. అక్కడివారు పిలిచారా, వెళ్లినవాడు వారితో ఉన్నాడా అన్నది చూడాలి. పదిహేను రోజుల్లో రెండవది కష్టం. అసాధ్యం మాత్రం కాదు.

లెక్కల_మాస్టారు
మంగళవారం, ఉదయం 7:00

గొలుసు అమ్మిన సంగతి చదివి మనసు కరిగింది. నా అభిప్రాయం పూర్తిగా మారలేదు. రంగయ్య గారు ఓడ ఎక్కినది పదిహేను రోజుల కోసం కాదు. అయితే గోదావరి_గట్టు గారూ, ఖర్చు దాచకుండా చెప్పినందుకు మిమ్మల్ని గౌరవిస్తున్నాను. మీ సంఘానికి తిరిగి వెళ్లాక కూడా ఇదే విధంగా చెప్పండి. స్త్రీలను తొమ్మిది నుండి మూడు వరకు కూర్చోబెట్టిన సంగతి కూడా చెప్పండి. మన సంఘాలకు వచ్చే నివేదికల్లో కూటాల సంఖ్య, చేతులెత్తినవారి సంఖ్య మాత్రమే ఉంటాయి.

ఆ గంటల లెక్క గురించి ఒక మాట. పెంతెకొస్తు దినాన పేతురు నిలబడి, వీరు మత్తులు కారు, ప్రొద్దుపొడిచి జామైనా కాలేదని చెప్పాడని మన తెలుగు బైబిలు అంటుంది. మూల భాషలో అది దినములో మూడవ గంట. జాము అంటే మూడు గంటలే. మీ పల్లె స్త్రీలు చెప్పిన సా టాటు సరిగ్గా పేతురు చెప్పిన గంట. మన తాతలు కూడా ప్రొద్దుపొడుపు నుండే లెక్కించారు. మనమే మరచిపోయాము.

అనువాదకుడు_26
మంగళవారం, ఉదయం 7:40

క్షమాపణ గురించి: ప్రసంగం చేయవద్దు. కిస్వాహిలిలో "పోలే" అనే మాట ఉందని అక్కడ పని చేసిన మిత్రుడు చెప్పాడు. ఎదుటివారి బాధ చూసి అయ్యో అన్నట్టు ఉంటుందట. ఆ ఒక్క మాట మీ నాయకుడు తన నోటితో అనాలి. తరువాత ఆ కోడి తింటామని అడగాలి. కోడికి బదులు కానుకలు, చీరలు, డబ్బు తీసుకుని వెళ్లవద్దు. ఖాళీ చేతులతో వెళ్లండి.

ఒంగోలు_పాతకాపు
మంగళవారం, ఉదయం 8:15

అవును, ఖాళీ చేతులతో. ఆకలితో కూడా వెళ్లండి.

గోదావరి_గట్టు
మంగళవారం, రాత్రి 10:05

వెళ్లి వచ్చాము. అవ్వ ఇల్లు చర్చికి అరమైలు, మొక్కజొన్న చేల మధ్య మట్టి గోడల ఇల్లు. మా నాయకుడు గడప బయట నిలబడి, "పోలే, మామా" అన్నారు. మామా అంటే ఇక్కడ అమ్మ. తరువాత అనువాదం చేసే సహోదరుని ద్వారా, "మీ కోడి తినడానికి వచ్చాము, మాకు ఆకలిగా ఉంది" అన్నారు. ఆమె కొంతసేపు మా అందరి ముఖాలు ఒక్కొక్కటిగా చూశారు. అటు తిరిగి మనుమరాలిని పిలిచి ఏదో చెప్పారు. ఆ పిల్ల పరుగెత్తి వెళ్లి ఎర్ర కోడిని పట్టుకుని వచ్చింది.

రెండు గంటలు పట్టింది. మా సిస్టర్ గారు వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరిగారు. భాష లేకుండానే ఇద్దరూ ఏవేవో చెప్పుకుని నవ్వుకున్నారు. మా సీసాలోని ఆవకాయ కొంచెం రుచి చూపిస్తే అవ్వ, "అచారి!" అన్నారు. ఆ మాట వారి భాషలోనూ ఉన్నదట. నూట పాతికేళ్ల క్రితం మొంబాసా నుండి కిసుము వరకు రైలు పట్టాలు వేయడానికి మన దేశం నుండి వేలాది కూలీలు వచ్చారు గదా, చపాతీ, చాయ్ వంటి మాటలు ఇక్కడ ఇంటి మాటలైపోయాయి.

కందనకాయ మా నాయకుని కంచంలో పెట్టారు. ఆయన దాన్ని రెండుగా కోసి సగం అవ్వకు ఇవ్వబోయి, ఆగి, అనువాదం చేసే సహోదరుని వైపు చూశారు. ఆ సహోదరుడు తల అడ్డంగా ఊపాడు. నాయకుడు మొత్తం తానే తిన్నారు. అవ్వ చేతులెత్తి, "బ్వానా అసిఫీవే" అన్నారు. ప్రభువుకు స్తోత్రం అని. మేమందరం ఆమెన్ అన్నాము.

నర్సు_రూతు
బుధవారం, ఉదయం 6:20

చదువుతూ ఏడ్చాను. బాగా ఉడికిన వేడి కూర, వేడి ఉగాలి భయం లేకుండా తినవచ్చు. పచ్చి నీళ్లతోనే జాగ్రత్త. ఒంగోలు అన్నగారికి ఆ మాట చెప్పాలనిపించింది: అమ్మగారి పులుసు తిని ఉంటే వారికి ఏమీ అయ్యేది కాదు.

అనువాదకుడు_26
బుధవారం, ఉదయం 9:00

ఇప్పుడు ప్రసంగాల సంగతి చెబుతాను, ఎందుకంటే ఇక మీ మాట వింటారు. మీ తెలుగు ముందు ఇంగ్లీషుకు, ఇంగ్లీషు నుండి కిస్వాహిలికి, అక్కడి నుండి పెద్దల కోసం వారి పల్లె భాషకు వెళుతుంది. మూడు చేతులు మారుతుంది కనుక చిన్న వాక్యాలు చెప్పండి. వాక్యం సగంలో ఆపి అనువాదం కోసం చూడవద్దు. క్రియ చివర వచ్చేది మన భాషలో, వారి భాషలో కాదు. సభకు ముందు రోజే లేఖన భాగం ఆ సహోదరునికి ఇవ్వండి, అతడు తన బైబిల్లో చదువుకుంటాడు. మన సామెతలు వదిలేయండి. పాటల్లో తెలుగు పాట ఒకటి పాడండి, దానికి అనువాదం అక్కరలేదు. మరొక సంగతి, భోజనానికి అతణ్ణి మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. ఇరవై ఆరేళ్లలో నన్ను అలా కూర్చోబెట్టుకున్నవారి పేర్లు నేను ఒక్కటీ మరచిపోలేదు.

గోదావరి_గట్టు
గురువారం, రాత్రి 9:30

మీరు చెప్పినట్టే నిన్న రాత్రి కూటంలో చేశాము. ప్రసంగం ఇరవై నిమిషాలే. కూటానికి ముందే అనువాదం చేసే సహోదరునితో లూకా పదవ అధ్యాయం కలిసి చదివాము. కూటం తరువాత అతడు నాతో కిస్వాహిలి సామెత ఒకటి చెప్పాడు: "మ్గేని సికు ఎంబిలి, సికు యా టాటు ఎంపే జెంబే." అతిథి రెండు రోజులే, మూడవ రోజున చేతికి పార ఇవ్వు అని. మేము వచ్చి వారం కావస్తున్నా మాకు ఎవరూ పార ఇవ్వలేదేమని అడిగాను. "మీరు కోడి తిన్నది మంగళవారం గదా. అప్పుడే అతిథులయ్యారు" అన్నాడు.

ఈ ఉదయం అవ్వ మనుమరాలు మా బసకు వచ్చి మమ్మల్ని పిలిచింది. ఇంటి వెనుక సుకుమా వికి మడి దగ్గర అవ్వ నిలబడి ఉన్నారు, పక్కన గోడకు రెండు పారలు ఆనించి ఉన్నాయి. ఒకటి నా చేతికి, ఒకటి మా నాయకుని చేతికి ఇచ్చారు. కలుపు ఏదో, మొక్క ఏదో చేత్తో చూపించారు. నాలుగు సాళ్లలో రెండు పూర్తి చేశాము. మేము తవ్విన చోటల్లా ఆమె వెనుకనే వంగి నడుస్తూ మట్టిని వేళ్లతో మొక్క మొదలుకు ఎగదోశారు.

మిగిలిన రెండు సాళ్లకు రేపు సా మోజాకు రమ్మన్నారు. అంటే ఉదయం ఏడు గంటలకు. ఈసారి అడిగి నిర్ధారించుకున్నాము.